బరువు తగ్గటం ఆగిపోతే తప్పు ఎవరిది?

"సారూ, రాత్రిపూట అన్నం మానేసి నాలుగు నెలలయింది. రోజూ పొద్దున్నే గంటసేపు నడుస్తున్నాను. మొదట్లో ఆరు కిలోలు తగ్గాను. ఆ తర్వాత కాటా కదలటం లేదు."

స్థూలకాయంతో బాధపడేవారిలో ఈ మాట అనని వారు అరుదు. దీనికి ఇంట్లోవాళ్ళు ఇచ్చే జవాబూ, చాలామంది వైద్యులు ఇచ్చే జవాబూ ఒకటే: "నోరు కట్టుకోవటం లేదు." ఈ జవాబు శాస్త్రం దృష్టిలో సగమే నిజం. మనిషి దృష్టిలో పూర్తిగా అన్యాయం. ఆ మాట పడిన మనిషి రెండు పనుల్లో ఒకటి చేస్తుంది. ఉన్న తిండి ఇంకా తగ్గించి నీరసపడుతుంది, లేదా "ఎంత చేసినా ఇంతే" అని నడకతో సహా అన్నీ మానేస్తుంది. రెండో పని మొదటిదానికన్నా ప్రమాదకరమని నా అభిప్రాయం. ఎందుకో వివరిస్తాను.

ఇది కొద్దిమంది సమస్య కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 36 శాతం మంది ఉండవలసిన బరువుకన్నా ఎక్కువ ఉన్నారు. ఒకప్పుడు నెల్లూరు, చెన్నై నగరాల జబ్బుగా భావించిన స్థూలకాయం మా కలిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు వంటి మెట్ట ప్రాంతాలకు కూడా వచ్చింది. పొలానికి నడిచిపోయిన తరం పోయి ఆటోలో పోయే తరం వచ్చింది. రోట్లో రుబ్బిన చేతులు ఇప్పుడు మిక్సీ మీట నొక్కుతున్నాయి. ఇందులో ఎవరినీ నిందించవలసిన పని లేదు. ఆ చాకిరీ తగ్గినందుకు సంతోషించవలసిందే.

ఇక అసలు విషయానికి వద్దాం. మన శరీరం రోజంతా ఖర్చుచేసే శక్తిలో అధిక భాగం, అంటే సుమారు 60 నుంచి 70 శాతం, మనం కదలకుండా పడుకున్నా ఖర్చయ్యేదే. గుండె కొట్టుకోవటానికి, మెదడు, కాలేయం, మూత్రపిండాలు పనిచేయటానికి, ఒంటి వేడి నిలవటానికి అది కావాలి. దీన్ని మూల జీవక్రియ అంటారు. తిన్నది అరిగించుకోవటానికి పదో వంతు పోతుంది. మిగిలినదే నడక, ఇంటిపని, పొలంపని, చివరికి కూర్చున్నచోట కాళ్ళు ఆడించటం కూడా.

ఒక ఉదాహరణ చూడండి. అయిదడుగుల ఎత్తు, 78 కిలోల బరువు, నలభై అయిదేళ్ళ వయసు ఉన్న గృహిణి రోజుకు సుమారు 1,900 కేలరీలు ఖర్చు చేస్తుందనుకుందాం. ఆమె తిండిని 1,500 కేలరీలకు తగ్గించింది. రోజుకు 400 లోటు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి కనుక, భాగహారం చేస్తే ఏడాదికి 19 కిలోలు తగ్గాలి. పత్రికల్లో, ఆసుపత్రి గోడల మీద, ఆహార పట్టికలు అమ్మేవారి కాగితాల మీద కనిపించే లెక్క ఇదే. ఈ లెక్కకు మూలం 1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే అమెరికన్ వైద్యుడు రాసిన వ్యాసం. అంకగణితంగా అందులో తప్పు లేదు. ఖర్చు మాత్రం స్థిరంగా ఉంటుందని అది భావించింది. లోపం అక్కడుంది.

శరీరం బరువు కోల్పోతున్నకొద్దీ ఖర్చు కూడా తగ్గుతుంది. ఇందుకు మొదటి కారణం సులభంగా అర్థమయ్యేదే. 70 కిలోల శరీరాన్ని పోషించటానికి, మోయటానికి 78 కిలోల శరీరానికి పట్టినంత శక్తి పట్టదు. రెండో కారణం అంత తేలిగ్గా కనిపించదు. బరువు తగ్గినందుకు ఎంత ఖర్చు తగ్గాలో, అంతకన్నా కొంచెం ఎక్కువగానే శరీరం తగ్గించుకుంటుంది. కొవ్వు కణాలు విడుదల చేసే లెప్టిన్ అనే హార్మోను (దీన్ని 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొన్నది) పడిపోతుంది. "నిల్వలు తరిగిపోతున్నాయి" అని మెదడుకు అందే సంకేతం అది. థైరాయిడ్ చురుకుదనం కొద్దిగా తగ్గుతుంది. మనకు తెలియకుండానే కదలికలు తగ్గుతాయి. కండరాలు సైతం పొదుపు నేర్చుకుంటాయి. శరీర బరువులో పదోవంతు తగ్గినవారి కండరాలు, నెమ్మదిగా చేసే పనులను మునుపటికన్నా తక్కువ శక్తితో చేస్తాయని న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో చూపించారు.

కండరం శక్తిని వాడుకునే తీరు గురించి మాట్లాడేటప్పుడు ఒక తెలుగువాణ్ణి తలచుకోకపోతే తప్పు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరాల నుంచి వేరుచేసి చూపించారు. మీరు వేసే ప్రతి అడుగుకూ చెల్లింపు ఆ ఏటీపీతోనే జరుగుతుంది.

శరీరం ఇలా ఎందుకు ప్రవర్తిస్తుంది? ఆకలి మన జాతికి కొత్త కాదు కనుక. 1876–78 కరువులో కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలతోపాటు నెల్లూరు జిల్లా కూడా మాడిపోయింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి, కరువు పనుల్లో మట్టి మోసే మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించాడు. మద్రాసు శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్, అంతటి శ్రమకు ఆ కూడు చాలదని గట్టిగా ఎదిరించాడు. పౌను బియ్యం అంటే సుమారు 1,600 కేలరీలు. ఈ అంకె గుర్తుంచుకోండి.

ఎందుకంటే, సుమారు ఏడు దశాబ్దాల తర్వాత దాదాపు అదే తిండితో ఒక ప్రసిద్ధ ప్రయోగం జరిగింది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ నాయకత్వాన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా ఆకలికి సిద్ధపడ్డారు. 24 వారాలపాటు వారికి రోజుకు సగటున 1,570 కేలరీల తిండి పెట్టి, వారానికి 22 మైళ్ళు, అంటే 35 కిలోమీటర్లు నడిపించారు. తిండి తగ్గింపూ నడకా, రెండూ కలిసే ఉన్నాయి. వారి బరువు నాలుగో వంతు దాకా తగ్గింది. మూల జీవక్రియ మాత్రం సుమారు 40 శాతం పడిపోయింది! నాడి నెమ్మదించింది. ఎండాకాలంలోనూ చలి వేసేది. మెట్లెక్కటం గగనమయ్యేది. పగలూ రాత్రీ తిండి ధ్యాసే. ప్రయోగం ముగిశాక కడుపునిండా తినే అవకాశం వచ్చినప్పుడు కొవ్వు మునుపటికన్నా ఎక్కువగా చేరింది.

వారు స్థూలకాయులు కారు, సన్నటి యువకులు. కనుక ఆ 40 శాతం అంకెను లావుగా ఉన్నవారికి అంటగట్టరాదు. ఒంట్లో కొవ్వు నిల్వలున్నవారిలో పడిపోయేది అంతకన్నా చాలా తక్కువ. కానీ నేడు కొందరు గృహిణుల చేతికి ఇచ్చే 800 కేలరీల, 1,000 కేలరీల పట్టికలను చూసినప్పుడు, టెంపుల్ గారి కూలీయే నయమనిపిస్తుంది.

స్థూలకాయుల విషయంలో తరచుగా ఉదహరించేది అమెరికా టెలివిజన్‌లో బరువు తగ్గే పోటీలో పాల్గొన్న 14 మందిపై కెవిన్ హాల్ 2016లో ప్రచురించిన అధ్యయనం. వారు 30 వారాల్లో సగటున 58 కిలోలు తగ్గారు. ఆరేళ్ళ తర్వాత అందులో 41 కిలోలు తిరిగి వచ్చాయి. అయినా వారి మూల జీవక్రియ, ఉండవలసినదానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగానే ఉంది. ఈ వార్త చదివి "డైటింగ్ చేస్తే జీవక్రియ శాశ్వతంగా చెడిపోతుంది" అని ప్రచారం మొదలుపెట్టినవారు ఉన్నారు. అది అతిశయోక్తి. అంత కఠోరంగా, అంత వేగంగా తగ్గినవారి సంగతి అది. మామూలు పద్ధతిలో బరువు తగ్గి, ఆ బరువు మీద నాలుగు వారాలు స్థిరంగా ఉన్నాక కొలిచిన 2020 నాటి అధ్యయనంలో ఈ అదనపు పొదుపు రోజుకు 50 కేలరీల చుట్టుపక్కలే తేలింది. అంటే రెండు బిస్కెట్లపాటి. మీ జీవక్రియ చెడిపోలేదు. శరీరం సర్దుకున్నది, అంతే.

మరి కాటా ఎందుకు ఆగింది? ఇక్కడ చాలామంది గమనించని రెండో తక్కెడ ఉంది. కిలో బరువు తగ్గితే రోజువారీ ఖర్చు 20 నుంచి 30 కేలరీలు తగ్గుతుంది. అదే కిలోకు ఆకలి రోజుకు 100 కేలరీలదాకా పెరుగుతుంది. కెవిన్ హాల్ బృందమే 2016లో కట్టిన లెక్క ఇది. మన గృహిణి 8 కిలోలు తగ్గేసరికి ఆమె ఖర్చు 1,900 నుంచి 1,700కు దిగింది. పెరిగిన ఆకలి ఆమెకు తెలియకుండానే 1,500ను 1,700కు చేర్చింది. పిల్లలు కంచంలో వదిలేసింది పారేయలేక తిన్న రెండు ముద్దలు, సాయంత్రం రెండో టీలో చక్కెర, తాలింపులో మరో చెంచా నూనె. ఆదాయం, వ్యయం సమానమయ్యాయి. కాటా ఆగింది.

అయితే ఆమె అబద్ధం చెబుతున్నట్లేనా? కాదు. "ఏమీ తినకపోయినా తగ్గటం లేదు" అనే స్థూలకాయులను 1992లో న్యూయార్క్‌లో ఖచ్చితమైన పద్ధతిలో కొలిచి చూశారు. వారు తిన్నట్టు రాసినదానికీ, నిజంగా తిన్నదానికీ మధ్య దాదాపు సగం తేడా ఉంది. చేసిన వ్యాయామాన్ని కూడా సగం ఎక్కువ చేసి రాశారు. వారి జీవక్రియ మాత్రం మామూలుగానే ఉంది. వైద్యులు ఈ అధ్యయనాన్ని రోగిని తప్పుపట్టటానికి వాడుతుంటారు. నాకు అందులో కనిపించేది వేరు. ఆకలి లెక్కలు రాసుకోదు. నిన్న మధ్యాహ్నం ఎన్ని ముద్దలు తిన్నారో మీరు చెప్పగలరా? నేను చెప్పలేను. సన్నగా ఉన్నవారిని ఎవరూ అడగరు కనుక వారి మరుపు బయటపడదు.

ఇక నడక సంగతి. 78 కిలోల మనిషి గంటలో అయిదు కిలోమీటర్లు నడిస్తే, కూర్చుని ఉంటే అయ్యేదానికన్నా అదనంగా ఖర్చయ్యేది సుమారు 200 కేలరీలు. మూడు ఇడ్లీలు, కాస్త కొబ్బరి చట్నీ. ఈ మాట చెబితే చాలామంది ముఖం చిన్నబోతుంది. అంతకన్నా చిన్నబుచ్చే మాట ఇంకొకటుంది. ఆ 200 కూడా పూర్తిగా లెక్కలోకి రాదు. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా ప్రజలు రోజంతా తిరుగుతారు. 2012లో హెర్మన్ పాంట్జర్ వారి శక్తి వ్యయాన్ని కొలిస్తే, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక, అది కుర్చీల్లో కూర్చునే అమెరికన్ల వ్యయంతో సమానంగా ఉంది. శ్రమ పెరిగితే శరీరం ఇతర ఖర్చులను కొంత కోసుకుంటుందని ఆయన వాదం. ఎంత కోసుకుంటుందన్న దానిమీద శాస్త్రజ్ఞులలో ఇంకా వాదోపవాదాలున్నాయి. 2021లో 1,754 మంది కొలతలను పరిశీలించినప్పుడు, శ్రమలో ఖర్చయిన శక్తిలో సగటున 28 శాతం ఇలా సర్దుబాటయిపోతోందని, బాగా లావుగా ఉన్నవారిలో ఇది దాదాపు సగందాకా ఉందని తేలింది. నడక ఎవరికి ఎక్కువ అవసరమో, వారికే కాటా మీద ఫలితం తక్కువ కనబడుతోందన్నమాట.

పొగాకు సీజనులో పొద్దంతా నిలబడి పనిచేసే కూలీ స్త్రీలలోనూ లావుగా ఉన్నవారు మా ప్రాంతంలో కనబడతారు. "ఇంత పని చేస్తుంటే ఇంకా నడకేమిటి సారూ" అని వారు అడిగే ప్రశ్న తెలివితక్కువది కాదు.

అయితే నడవటం దండగేనా? ఇక్కడే నా అభిప్రాయం ఖండితంగా చెప్పదలిచాను. నడకను కాటాతో కొలవటమే మనం చేస్తున్న తప్పు. దీనికి సాక్ష్యం కోసం అమెరికా వెళ్ళనక్కరలేదు, చెన్నై చాలు. అక్కడ డాక్టర్ ఎ. రామచంద్రన్ నిర్వహించిన భారత మధుమేహ నివారణ అధ్యయనం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. చక్కెర వ్యాధి అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళపాటు గమనించారు. మామూలు సలహాలతో వదిలేసినవారిలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. రోజుకు కనీసం అరగంట చురుకైన నడక, మితమైన తిండి పాటించినవారిలో అది 39 శాతానికి తగ్గింది. విశేషమేమిటంటే, వారి సగటు బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు! కాటా కదలలేదు, అయినా ఎందరో మధుమేహం నుంచి తప్పించుకున్నారు. పనిచేస్తున్న కండరం రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే లాక్కుంటుంది, కాలేయంలో చేరిన కొవ్వు కరుగుతుంది, రక్తపోటు కొంత దిగుతుంది. ఇవేవీ కాటాకు కనబడవు. బరువు ఆగిందని నడక మానేసిన మనిషి పోగొట్టుకునేది ఇదంతా.

నడకకు ఇంకొక ప్రయోజనం కూడా ఉంది. టెలివిజన్ పోటీదారులలో ఆరేళ్ళ తర్వాత కూడా బరువు పెరగకుండా నిలబడిన కొద్దిమందిని చూస్తే, వారే శారీరక శ్రమను అందరికన్నా ఎక్కువగా పెంచుకున్నవారు. తిండి తగ్గింపు బరువును దించుతుంది. దిగిన బరువును నిలిపేది నడక.

ఇప్పుడు, కాటా ఆగిపోయిన మీరు ఏం చేయాలి? ముందుగా, నెలరోజులదాకా ఆగింది అనవద్దు. తొలి రెండు వారాల్లో దిగిన మూడు కిలోలలో ఎక్కువ భాగం నీరే. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉన్న పిండిపదార్థం తనతోపాటు మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది, అన్నం మానగానే అది పోతుంది. అన్నం పూర్తిగా మాన్పించి కొబ్బరినూనె తాగించే పద్ధతులు కొన్నేళ్ళ క్రితం మన రాష్ట్రంలో ఊరూరా ప్రచారం పొందటానికి ఈ మొదటి వారపు మెరుపు ఒక ముఖ్య కారణం. అలా తగ్గినవారు ఉన్నారు, కాదనను. ఏళ్ళ తరబడి అలా తినగలిగినవారు నాకు బహు తక్కువగా కనిపించారు.

తర్వాత, ఆశను సరిచేసుకోండి. రోజుకు 240 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి పది కిలోలు తగ్గుతారని, అందులో సగం మొదటి ఏడాదిలో, మిగిలింది రెండు మూడేళ్ళలో తగ్గుతుందని 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చిన గణన చెబుతోంది. ఏడాదికి అయిదు కిలోలు. పెళ్ళి ముహూర్తానికి చీర సరిపోవాలనుకునేవారికి ఇది నచ్చదు. మోకాళ్ళకు, క్లోమగ్రంథికి మాత్రం బాగా నచ్చుతుంది.

తిండి ఇంకా కోసుకోవద్దు, మార్చుకోండి. కండరం కరిగిపోకుండా ఉండాలంటే ప్రతి పూటా కొంత మాంసకృత్తి ఉండాలి: పప్పు, పెసలు, గుడ్డు, చేప, చిక్కటి మజ్జిగ, ఏది అందుబాటులో ఉంటే అది. ఒక మాట. సజ్జ సంగటి, జొన్న రొట్టె మా మెట్ట నేలల తిండి, మంచివే. పీచు ఎక్కువ, కడుపు నిండిన భావన త్వరగా వస్తుంది. కానీ వంద గ్రాముల సజ్జలలోనూ బియ్యంలోనూ కేలరీలు ఇంచుమించు సమానం, 350 ప్రాంతంలోనే. "సిరిధాన్యాలు కదా" అని రెండు ముద్దలు ఎక్కువ తింటే ఫలితం మీకే తెలుస్తుంది. వారానికి రెండు మూడు సార్లు బరువు ఎత్తే పని చేయండి. కుర్చీలో కూర్చుని చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేవటం కూడా వ్యాయామమే.

"నలభై దాటాక అరగదు" అన్న సాకు కూడా వదిలేయండి. 29 దేశాల్లో ఆరువేలమందికి పైగా జనం మీద చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, శరీర పరిమాణాన్ని లెక్కించాక, 20 నుంచి 60 ఏళ్ళదాకా జీవక్రియ దాదాపు మారలేదు. మారింది మన కుర్చీ, మన ప్లేటు.

కుటుంబ సభ్యులకు ఒక విన్నపం. ఇంట్లో లావుగా ఉన్న మనిషి కంచం వైపు చూస్తూ మాటలనకండి. ఆమె శరీరం ఆమెను ఇదివరకటికన్నా ఎక్కువ ఆకలితో వేధిస్తోంది. ఆ ఆకలితో నలుగురికీ వండి వడ్డిస్తున్నది కూడా ఆమే. సాయంత్రం అరగంట వంటపని మీరు చేసి ఆమెను నడకకు పంపితే, అది వంద సలహాలకన్నా మేలు.

చివరగా, మందులు వాడేవారికి హెచ్చరిక. గ్లిమెపిరైడ్ వంటి చక్కెర మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ, వైద్యుడికి చెప్పకుండా అన్నం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, మతిచలించినట్టు మాట్లాడటం కనిపిస్తే వెంటనే చక్కెర నీళ్ళు తాగించండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. బరువు తగ్గుతున్నకొద్దీ రక్తపోటు మందు మోతాదు కూడా తగ్గించవలసి రావచ్చు. లేచి నిలబడగానే కళ్ళు తిరిగితే మాత్ర మీరే మానేయక, బీపీ చూపించుకోండి. విపరీతమైన అలసట, మలబద్ధకం, చలి ఉంటే ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోవటం సబబే. మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్రలు వాడేవారు మా ప్రాంతపు మే నెల ఎండల్లో ఏడు దాటాక నడవవద్దు. తెల్లవారుజామున వీలుకాకపోతే రాత్రి భోజనం తర్వాత ఇంటి వరండాలోనే పావుగంట అటూ ఇటూ తిరగండి, అది కూడా లెక్కలోకి వస్తుంది.